పుట్టుకతో జబ్బంట

పోయినేడు జులై ఆఖరి ఆదివారం మా ఇంట్లోకి ఒక ఫోటో వచ్చింది. సెప్టెంబరు మూడో ఆదివారానికి మేము ఆ ఇంట్లోనే ఉన్నాం గానీ, ముందున్న మనుషులం కాము.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి బ్రయాన్‌కి తిండి పెడుతున్నాను. బ్రయాన్ మా చిన్నవాడు. పందొమ్మిదేళ్లు, ఇరవై ఏడు కిలోలు. పుట్టేటప్పుడు ఊపిరి ఆడక మెదడు దెబ్బతింది. మాట లేదు, నడక లేదు, మెడ నిలబడదు. అన్నం, కోడిమాంసం, క్యారెట్టు కలిపి మిక్సీలో మెత్తగా వేసి, జారుగా చేసి, చిన్న చెంచాతో పెట్టాలి. ఒక చెంచా నోట్లో పోసి, గడ్డం కింద వేలితో నిమిరి, గుటక పడిన చప్పుడు విని, అప్పుడు రెండో చెంచా. పూటకి ముప్పై చెంచాలు, గంటన్నర. తొందరపడ్డామా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పందొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం ఇదే. జీతం లేదు, సెలవు లేదు. మా అత్త ఉన్నన్నాళ్లూ “మాగ్డలీన్‌కి దేవుడు పర్మనెంటు పోస్టింగ్ ఇచ్చినాడు” అని నవ్వేది.

మా పెద్దది సెరీనా వచ్చి నా పక్కన కూర్చుంది. మేముండేది మలయ్ దేశంలో, క్లాంగు ఊళ్లో. అక్కడే ఒక క్లినిక్కులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఇరవై నాలుగేళ్లు. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం సగం ఇంగ్లీషు, పావు మలయ్, మాట చివర ఇక్కడివాళ్ల ‘లా’, మిగిలింది నాయనమ్మ నేర్పిన తెలుగు.

“అమ్మా, ఇది సూడు. గాజాలో,” అని ఫోను నా ముందు పెట్టింది.

నేల మీద చాప. ఒకావిడ కూర్చుని, మూడు నాలుగేళ్ల పిల్లాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. వాడికి చొక్కా లేదు. పక్కటెముకల మీద చర్మం తప్ప మరేమీ లేదు. కానీ నేను ముందు చూసింది ఎముకల్ని కాదు, మెడని. తల వెనక్కి వాలిన తీరు, దాని కింద ఆ తల్లి మోచెయ్యి పెట్టిన తీరు నాకు బాగా తెలుసు.

“ఈ బిడ్డ మన బ్రయాన్ లాటోడే,” అన్నాను.

“నిజంగా? ఇక్కడ అలా రాయలేదమ్మా. స్టార్వింగ్ అనే ఉంది.”

“రాయకపోతే ఏటి? నాను సూసినాను గదా.”

ఆవిడకి మిక్సీ ఉందా, ఉంటే కరెంటు ఉందా, పాలపొడి ఎక్కడ దొరుకుతుంది అని నా బుర్ర అటు పోయింది. బ్రయాన్ నోరు తెరిచి ఎదురుచూస్తున్నాడు. పదమూడో చెంచానో పద్నాలుగోదో మర్చిపోయాను.

గురువారం సాయంత్రం మా ఆయన మోసెస్ పని నుంచి వచ్చాడు. పక్క ఊరు కాపార్లో రబ్బరు చేతి తొడుగుల ఫ్యాక్టరీలో స్టోరు చూస్తాడు. మా తెలుగు చర్చికి పెద్ద. క్లాంగులో టైర్ల షాపు పైన రెండో అంతస్తులో ఉంటుంది మా చర్చి, నలభై కుటుంబాలం. ఆయన మంచివాడు కాదని నేను ఎప్పుడూ అనను. మా ఫ్లాట్ల లిఫ్టు చెడిపోయిన రోజుల్లో బ్రయాన్‌ని భుజాన వేసుకుని మూడంతస్తులు దిగుతాడు. వాడికి స్నానం ఆయనే చేయిస్తాడు. ప్రతి సాయంత్రం వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తాడు. ఇదంతా ముందే చెప్పకపోతే, ఆయన ఆ రోజన్న మాటని బట్టి మీరు వేరే మనిషిని ఊహించుకుంటారు.

చెప్పులు కూడా విప్పలేదు. ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడి అన్నాడు. “సూసినావా మాగీ? ఆ గాజా బిడ్డ ఫోటో ఉంది గదా, లోకవంతా తిప్పుతున్నారు గదా. ఆడికి పుట్టుకతో జబ్బంట! ఆకలి కాదంట! మన గావిన్ సర్చి గ్రూపులో ఎట్టినాడు. ఎంత మోసం సేత్తన్నారో సూడు.”

నా చేతిలో చెంచా ఉంది. చెంచా ముందు బ్రయాన్ నోరు ఉంది.

“నాన్నా!” అంది సెరీనా. “ఎవరి ముందు ఏం మాట్లాడుతున్నావు లా?”

“ఏటన్నాను?” అన్నాడు ఆయన. నిజంగానే అడిగాడు. మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఏమీ కనపడలేదు ఆయనకి. మాట అన్నందుకు కాదు, కనపడనందుకు నాకు కడుపు మండింది. కానీ గుటక వినాలి కదా, నోరు మూసుకుని చెవి వాడి గొంతు దగ్గర పెట్టాను.

ఆగస్టులో నవోమి వదిన మా ఇంటికి వచ్చింది. ఆవిడ మా చర్చి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. మాకొక పాత అలవాటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. మా తాతలు బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో చెట్లు గీసేటప్పుడు, చాలీచాలని రేషను బియ్యంలోంచి కూడా తీసేవారట. ఆ డబ్బాలన్నీ సెప్టెంబరులో కోత పండుగకి చర్చికి తెస్తాం. ఏటేటా ఆ బియ్యం ఇపో అనే ఊళ్లో ఒక అనాథ పిల్లల హోముకి పోతుంది.

“ఈ ఏడు పిడికెడు బియ్యాన్ని ఏలం ఏసి, ఒచ్చింది గాజా పిల్లలకి పంపుదాం అని ఆడోళ్లందరం అనుకున్నాం అన్నా,” అంది వదిన మోసెస్‌తో. “సంఘంలో ఎట్టాలంతే కాయితం కావాల. నువ్వే రాయాల.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా నలభై కుటుంబాల్లో తెలుగు గడగడా చదివి, తప్పు లేకుండా రాసేది మోసెస్ ఒక్కడే. తోటలో వాళ్ల నాన్న బైబిలు ముందు పెట్టి, బెత్తం పక్కన పెట్టి నేర్పాడు. మిగిలినవాళ్లం మాట్లాడతాం, పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతాం. నేను కూడబలుక్కుని చదవగలను, అంతే. సంఘంలో ఏ కాయితమైనా తెలుగులోనే చదవాలని మా పాత నియమం. కాబట్టి ఏ పక్షం కాయితమైనా మోసెస్ చేత్తోనే పుట్టాలి. తన మీద తనే కేసు రాసుకునే కానిస్టేబుల్ లాంటి పని.

“నాకిది ఇష్టం నేదు నవోమీ,” అన్నాడు. “ముందే సెప్తన్నాను.”

“నీకిష్టవా అని నానడిగినానా? రాయమని అడిగినాను.”

రాశాడు. వదిన చెప్పిందల్లా రాశాడు, ఒక్క మాట మార్చలేదు. ఒకచోట ఆగాడు.

“జెనొసైడ్ జరుగుతోందని రాయాల,” అంది వదిన.

“ఆ మాటకి నాకు తెలుగు తెల్దు. బైబిల్లో నేదు. ఐనా అది తీర్పు. కోర్టు ఇంకా సెప్పలేదు. ఇశ్రాయేలోళ్లు కాదంతన్నారు. యుద్ధం మొదలైన అక్టోబర్లో ఆళ్లవాళ్లని ఇళ్లల్లో సంపేసినారు, ఎత్తుకుపోయినారు, అది మర్సిపోయినారేటి అందరూ?”

“మర్సిపోనేదు అన్నా. సచ్చినోళ్ల కోసవూ ఏడ్సినాం. ఇప్పుడు పసిపిల్లల అన్నం మాట అడగతన్నాను.”

“అన్నం మాట రాసినాను. ఆ మాట రాయను. కాళీ వదుల్తాను. కావాలంతే నువ్వు నోటితో సెప్పుకో.”

ఒక వేలెడు జాగా వదిలి మిగతాది పూర్తి చేశాడు. వదిన టీ తాగి, బ్రయాన్ బుగ్గ గిల్లి వెళ్లిపోయింది.

ఆవిడ మెట్లు దిగగానే సెరీనా అందుకుంది. మనవాళ్లకి జాలి లేదంది. మోసెస్ ఇంక ఆగలేదు.

“ఫ్యాక్టరీలో పొద్దున్న లెగిస్తే అదే మాట. కాంటీన్లో గాజాకి సందా డబ్బా, గేటు కాడ గాజా జెండా. అంతమంది ముస్లింల మద్దెన నా పేరు మోసెస్. అక్కడ నా నోరు మూసుకుని ఉంతాను, నా లెక్కేటో నాకు తెల్సు. సర్చిలో కూడా మూసుకోవాలంతే ఇంక దేవుడు నాకు నోరెందుకిచ్చినాడు? రబ్బరు తోట అమ్మేసి మనల్ని ఎల్లగొట్టిన దినాన ఎవుడొచ్చినాడు మనకి అన్నవెట్టడానికి?”

సెరీనా టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆయన చెప్పిన దాంట్లో ఆయన బాధ ఉంది, అది అబద్ధం కాదు.

ఆగస్టు ఆఖర్లో ఐక్యరాజ్యసమితి మద్దతున్న నిపుణులు గాజాలో కరువు వచ్చిందని ప్రకటించారు. ఇశ్రాయేలు అదంతా అబద్ధమంది. మా చర్చి గ్రూపులో ఆ రెండు మాటలూ రోజుకి నలభైసార్లు ఢీకొన్నాయి. వదిన కాయితానికి జవాబు కాయితం కావాలని పెద్దలు తీర్మానించారు. రాసేది మళ్లీ ఎవరు, మోసెసే.

తన కాయితం ఆయన వారం రోజులు రాశాడు. నేను బ్రయాన్‌కి సాయంత్రం తిండి పెడుతుంటే ఎదురుగా కూర్చుని పైకి చదివేవాడు. ఆయనకి అదో అలవాటు, ప్రసంగం ఏదైనా ముందు మా ఇద్దరికీ వినిపించాలి. మొదటి పేరా ఇశ్రాయేలుకి దేవుడిచ్చిన మాట. రెండో పేరా చర్చికి రాజకీయం వద్దని. మూడో పేరా ఆ ఫోటో. “ఆ బిడ్డ ఆకలిచేత గాక పుట్టుకతో ఉన్న వ్యాధిచేత అట్లు చిక్కిపోయెను గనుక, మనము మోసపోకుందుము గాక” అని బైబిలు భాషలో ఎత్తిపెట్టాడు. నాలుగో పేరా ఇపో పిల్లల గురించి.

నాలుగో రోజున అన్నాను. “మూడో పేరా తీసెయ్యి.”

“ఎందుకు? నిజవే గదా.”

“నిజవే. నాకు ఫోటో సూసినప్పుడే తెల్సు.”

“మరింకేటి?”

“తీసెయ్యమంతన్నాను.”

“కారణం సెప్పకుండా తీసెయ్యంతే ఎలాగే?”

చెప్పలేదు. పాతికేళ్లు కాపురం చేసిన మొగుడికి, కన్న కొడుకు ఎదురుగా కూర్చుని ఉండగా, ఇది కూడా విప్పి చెప్పాలా అనుకున్నాను. అది నా పొగరు. చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. ఆ రోజు నుంచి నేను ఆయనతో అవసరానికి మించి మాట్లాడ్డం మానేశాను. అన్నం వడ్డించేదాన్ని, చొక్కా ఇస్త్రీ చేసేదాన్ని. ఆయన ప్రార్థనకి బ్రయాన్ తల మీద చెయ్యి పెట్టినప్పుడు మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

సెప్టెంబరు రెండో వారంలో బ్రయాన్‌కి దగ్గు పట్టుకుంది. ఎక్కడో అడవులు తగలబడి వచ్చిన పొగ మంచులాగా ఊరంతా కమ్ముకుని ఉంది అప్పుడు. రెండో రోజుకి జ్వరం, మూడో రోజుకి పెదాలు నీలంగా మారాయి. ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం. నిమోనియా అన్నారు. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు గానీ, పోసిన పాలు పోసినట్టే వెనక్కి వస్తున్నాయి. పొట్ట ఒప్పుకునేదాకా ఆపుదామన్నారు. మూడు రోజులు సెలైను తప్ప వాడి లోపలికి ఏమీ పోలేదు.

మోసెస్ సెలవు పెట్టి పగలంతా వాడి దగ్గర ఉన్నాడు. ఉదయం పూట, సాయంత్రం పూట నేను వెళ్లేదాన్ని. ఇంట్లో తిండి పెట్టే వేళకి నా చెయ్యి దానంతటదే చెంచా కోసం వెతికేది. ఏం చెయ్యాలో తెలీక మిక్సీ గిన్నె మళ్లీ మళ్లీ కడిగాను.

మూడో రోజు సాయంత్రం వెళ్లేసరికి మోసెస్ వాడికి ఒళ్లు తుడుస్తున్నాడు. చొక్కా విప్పి, పక్కకి తిప్పి, తడిగుడ్డతో వీపు తుడుస్తున్నాడు. ఇరవై ఏడు కిలోల మనిషిలోంచి పోవడానికి ఏముంటుంది అనుకునేదాన్ని. పోయింది. భుజం ఎముక బయటికి పొడుచుకొచ్చింది. మోసెస్ చెయ్యి ఆ ఎముక దగ్గర ఆగి, దాని చుట్టూ తిరిగి, కిందికి వెళ్లింది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. కళైవాణి అని పేరు, తమిళమ్మాయి, మా సెరీనా కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. చాలా ఓపికగల పిల్ల. మాతో తమిళంలోనే మాట్లాడేది. స్టూలు లాక్కుని మోసెస్ ముందు కూర్చుని, చేతిలో ఉన్న ఫారం కిందికి పెట్టి, మెల్లగా అడిగింది.

“అంకుల్, ఇది అందరినీ అడగాలి, తప్పుగా అనుకోకండి. తమ్ముడికి పుట్టుకతోనే ఈ పరిస్థితి ఉంది కదా. ఒకవేళ ఊపిరి అందకపోతే మెషిన్ మీద పెట్టాలా, లేక బాధపెట్టకుండా వదిలెయ్యాలా? మీరు ఆలోచించుకుని చెప్పండి.”

“పుట్టుకతో ఉంది కదా అంటే?” అన్నాడు మోసెస్.

ఆయన మొహం చూస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. పందొమ్మిదేళ్లలో ఆయన వీణ్ని ఒక్కసారి కూడా జబ్బు మనిషి అనుకోలేదు. వీడు బ్రయాన్, అంతే. జబ్బు అనేది ఇతరుల పిల్లలకి ఉండేది. అందుకే ఆ రోజు గుమ్మంలో నిలబడి ఆ మాట అనగలిగాడు.

“మెషిన్ పెట్టండమ్మా,” అన్నాడు. అని, తమిళం మర్చిపోయి తెలుగులో, “ముందు ఈడికి తిండెట్టండి. మూడు దినాలైంది,” అన్నాడు.

డాక్టరమ్మకి తెలుగు రాదు గానీ అర్థమైంది. “పెడతాం అంకుల్. రేపు కొంచెం కొంచెంగా మొదలుపెట్టి చూస్తాం. ఒక్కసారే ఎక్కువ పెట్టినా ప్రమాదమే. ఇలాంటి పిల్లల ఒంట్లో నిల్వ ఉండదు. మీరూ నేనూ మూడు రోజులు తినకపోయినా నిలబడతాం. వీళ్లు నిలబడలేరు. అందరికంటే ముందు చిక్కిపోయేది వీళ్లే.”

ఆవిడ వెళ్లిపోయింది. నేను ఆయన్ని చూశాను. ఆయన నన్ను చూడలేదు. తడిగుడ్డ బకెట్లో పిండి, బ్రయాన్‌ని ఇటు తిప్పి, ఛాతీ తుడవడం మొదలుపెట్టాడు.

తర్వాతి శనివారానికి వాడి పొట్ట గంటకి ఇరవై మిల్లీలీటర్ల పాలు ఒప్పుకుంది. మర్నాడు కోత పండుగ. సెరీనాని వాడి దగ్గర పెట్టి మేమిద్దరం చర్చికి వెళ్లాం. మోసెస్ వెళ్లకపోతే కాయితాలు చదివే దిక్కులేదు.

బల్ల మీద అరటిగెలలు, మరవల్లి అనే కర్రపెండలం దుంపలు, కోడిగుడ్లు, కొబ్బరికాయలు, పక్కన పిడికెడు బియ్యం డబ్బాలు. టైర్ల షాపు రబ్బరు వాసన, అరటిపళ్ల వాసన కలిసిపోయాయి. ఆరాధన అయ్యాక పాస్టరు గారు మోసెస్‌ని పిలిచారు.

ముందు నవోమి వదిన కాయితం చదివాడు. నేననుకున్నాను, గొంతు తగ్గించి చదువుతాడేమోనని. లేదు. యెషయా గ్రంథం చదివినట్టే చదివాడు, ప్రతి మాటా వినపడేలాగ. ఖాళీ వదిలిన చోట ఆగి, వదిన వైపు చూశాడు. వదిన కూర్చున్న చోట నుంచే “జెనొసైడ్” అంది. వెనక బెంచీల్లో గుసగుసలు లేచాయి. ఆ వారంలోనే ఐక్యరాజ్యసమితి కమిషన్ ఒకటి ఆ మాటే అంది, ఇశ్రాయేలు కొట్టిపారేసింది, మా బెంచీలు కూడా అలాగే రెండుగా చీలి ఉన్నాయి. గుసగుసలు తగ్గేదాకా ఆగి మోసెస్ మిగతాది చదివాడు.

తర్వాత తన కాయితం తీశాడు. మొదటి పేరా, దేవుడిచ్చిన మాట. రెండో పేరా, రాజకీయం. నేను కళ్లు మూసుకున్నాను. మూడోది మొదలైతే లేచి బయటికి వెళ్లిపోదామని చెప్పులు కాళ్లకి తొడుక్కుని కూర్చున్నాను.

“ఇపోలో ఉన్న మన పిల్లలు ప్రతి సంవత్సరము మన బియ్యము కొరకు ఎదురుచూచుచున్నారు,” అన్నాడు మోసెస్.

అది నాలుగో పేరా. కళ్లు తెరిచాను. కాయితం వైపే చూస్తూ ఆఖరి వరకూ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ గదిలో ఉన్న నూట పాతికమందిలో అక్కడొక గుంట ఉందని నా ఒక్కదానికే తెలుసు.

నా ఒక్కదానికే అనుకున్నాను. సంఘం సెక్రటరీ గావిన్ లేచి నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్లవాడు, గ్రూపులో ఆ కబురు పెట్టింది అతనే.

“అంకుల్, ఆ ఫోటో మేటర్ సదవలేదు. మీరు రాసినాను అని నాతో సెప్పినారు గదా?”

“నా కాయితంలో అది నేదు,” అన్నాడు మోసెస్.

పాతికేళ్లలో ఆయన చర్చిలో అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. జేబులోంచి అంచు కనపడుతూనే ఉంది. కావాలంటే ఎవరైనా తీసి చూడొచ్చు, కానీ ఎవరు చదవగలరు?

“పర్లేదు లా అంకుల్, నేనే సెప్తాను,” అని గావిన్ ఫోను చూసి చెప్పాడు. ఆ బిడ్డకి పుట్టుకతో జబ్బని, ఆకలి కాదని, పేపరువాళ్లు కూడా తర్వాత ఒప్పుకున్నారని. ఉషారుగా చెప్పాడు. చెడ్డవాడు కాదు గావిన్. మేము రాగానే బ్రయాన్‌కి ఎలా ఉందని ముందుగా అడిగింది అతనే. జనం తలలు ఊపారు. “అయ్యో, అలాగా” అంది నా ముందు బెంచీలో ఒకావిడ, మనసు తేలికపడినట్టు.

చేతులు ఎత్తమన్నారు. వదిన మాటకి ఎత్తినవాళ్లలో నేనున్నాను. నాలుగు చేతులు తక్కువయ్యాయి. మోసెస్ అటూ ఎత్తలేదు, ఇటూ ఎత్తలేదు. బియ్యం ఎప్పటిలాగే ఇపోకి వెళ్లింది. అక్కడి పిల్లలూ పిల్లలే, వాళ్లు తిన్నందుకు నాకు ఏడుపు లేదు. వదిన మాత్రం ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది.

ఆసుపత్రికి కారులో పోతుండగా నేనే అన్నాను. “అబద్ధం ఆడినావు.”

“ఊఁ.”

“మూడో పేరా వదిలేసినావు.”

సిగ్నలు దగ్గర ఆగాం. “సదవలేకపోయినాను మాగీ,” అన్నాడు. “ఆ అచ్చరాల కాడికి ఒచ్చేసరికి ఈడి వీపు కనపడింది.”

ఆయన మీద జాలేసింది. కానీ క్షమించాను అని చెప్పలేను. ఆయన నోరు మూసుకున్నా, ఆయన రాసి వదిలేసిన మాటని గావిన్ ముగించాడు. ఆ మాట వల్లే ఆ నాలుగు చేతులు లేవలేదని నాకు నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం అలాగే ఉంది, మేమిద్దరం దాని పక్కనే కాపురం చేస్తున్నాం. మరుసటి నెలలో ఆయన చర్చి పెద్దరికం వదిలేశాడు. ఆరోగ్యం బాగోలేదని ఉత్తరం రాశాడు, అది రెండో అబద్ధం.

ఆసుపత్రిలో బ్రయాన్ కళ్లు తెరిచి ఉన్నాడు. ముక్కుకి గొట్టం, గొట్టానికి పెద్ద సిరంజి. సెరీనా దాన్ని పైకెత్తి పట్టుకుంది. పాలు కనపడీ కనపడకుండా దిగుతున్నాయి.

మోసెస్ చేతులు కడుక్కుని వచ్చి, దాని చేతిలోంచి సిరంజి తీసుకున్నాడు. సెరీనాని అడిగాడు.

“ఆ ఫోటో ఉందా నీ కాడ?”

“ఏ ఫోటో నాన్నా?”

సెరీనా నా వైపు చూసి, ఫోను తీసి, ఆయన ముందు పట్టుకుంది. ఆయన ఒక చేత్తో సిరంజి ఎత్తి పట్టుకునే రెండో చేతి వేళ్లతో ఆ బొమ్మని పెద్దది చేశాడు. తల్లి మోచెయ్యి, మెడ. చాలాసేపు చూశాడు.

“ఈ బిడ్డ ఉన్నాడా?”

“అంటే?”

“ఇప్పుడు. బతికి ఉన్నాడా? ఏటైనా తిన్నాడా? సూడు.”

సెరీనా వెతికింది. మొదట ఇంగ్లీషులో, తర్వాత మలయ్‌లో. నేను దాని భుజం మీద నుంచి చూస్తున్నాను. ఫోటో నిజమని ఒకరు, మోసమని ఒకరు. జబ్బు సంగతి దాచారని ఒకరు, జబ్బుంటే ఆకలి వెయ్యదా అని ఇంకొకరు. పత్రిక సవరణ, ఆ సవరణ మీద వాదన, ఆ వాదనలో ఎవరు నెగ్గారని ఇంకో వాదన. అది వేలితో తోస్తూనే ఉంది, అవి వస్తూనే ఉన్నాయి.

“సరీగ్గా ఎతుకు,” అన్నాడు మోసెస్.

“ఎతికినాను నాన్నా.” ఫోను ఆయన వైపు తిప్పింది. “అంతా ఫోటో గురించే ఉంది. పిల్లాడి గురించి ఎవరూ ఏమీ రాయలేదు.”

“ఇంకా కిందకి సూడు.”

సిరంజి ఖాళీ అయింది. నర్సు వచ్చి తీసుకోబోతే ఆయన ఇవ్వలేదు. ఎత్తిన చెయ్యి దించకుండా, సెరీనా వైపే చూస్తున్నాడు. అది ఇంకా కిందకి వెతుకుతూనే ఉంది.